చీటీ మీద ఏం రాయించాలి

ముక్త్యాల

చి॥ చిన్నికి,

నువ్వు ఫోన్ చేసినప్పుడు కృష్ణ రేవులో ఉన్నాను, గాలికి సగం వినపడలేదు. డిజిలాకర్ నుంచి పిల్లల మార్కుల లిస్టులు తెచ్చే పని నీకు అప్పగించారన్నావు. "ఓఆథ్ అంటే ఉత్త లాగిన్ బటనేగా" అన్నది మాత్రం బాగానే వినపడింది. అందుకే ఈ ఉత్తరం.

2008లో హైదరాబాదులో నేను పనిచేసిన చోట "మీ స్నేహితుల్ని వెతకండి" అని ఒక పేజీ రాశాం. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రెండూ అడిగేవాళ్ళం, జనం ఇచ్చేసేవాళ్ళు. ఉన్నవి ఉన్నట్టే టేబుల్లో దాచాం. దాని కాపీ టెస్టింగ్ మెషీన్లో పడి ఉండేది. ఓ మధ్యాహ్నం మా కుర్రాడొకడు సరదాగా తెరిస్తే వాళ్ళ మేనత్త పాస్‌వర్డ్ కనపడింది. వాడొక్కడే నవ్వాడు. ఆ పేజీ రాసింది నేనే. వేరే దారి లేదని సర్దిచెప్పుకున్నాను గానీ, పాస్‌వర్డ్ చేతికివ్వకుండానే అనుమతి ఇప్పించే దారి, ఈ ఓఆథ్, మొదటి రూపంలో 2007లోనే వచ్చింది. మేం చూడలేదు, అంతే. ఇప్పుడు మీరు వాడే 2.0 వచ్చింది 2012లో.

సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీకి ఇచ్చే చీటీ గుర్తుందా? బండి నంబరు, లోపల ఎక్కడికెళ్ళాలి, టైము. లోడింగ్ దగ్గర చీటీ చూస్తారు గానీ డ్రైవరు మొహం చూడరు. ఓఆథ్‌లో పాస్‌వర్డ్ బదులు నీ చేతికొచ్చే యాక్సెస్ టోకెన్ అలాంటిదే. జేబులోంచి జారితే దొరికినవాడిదే. అందుకే దాని గడువు తక్కువ పెడతారు.

ఆ చీటీ నేరుగా బ్రౌజర్లో చేతికి రాకూడదు. మనిషి డిజిలాకర్ పేజీలోనే లాగినై ఒప్పుకుంటాడు, ఆ పాస్‌వర్డ్ నీ కంట పడదు. బ్రౌజర్ వెంట నీకు తిరిగొచ్చేది ఒక కోడ్ మాత్రమే. అది ఒక్కసారే చెల్లాలి, పది నిమిషాలకు మించి బతక్కూడదు. నీ సర్వర్ ఆ కోడ్ చూపించి టోకెన్ తెచ్చుకుంటుంది. బ్రౌజర్ నడిబజారు లాంటిది, అక్కడ కోడ్ కొట్టేసేవాళ్ళుంటారు. వాళ్ళని ఆపడానికే పిక్సీ (PKCE) అనే పద్ధతి పుట్టింది. యాప్ ముందుగా ఒక పొడవాటి రహస్యపు మాట తయారుచేసుకుని, షా-256తో తీసిన దాని ముద్ర మాత్రం పంపుతుంది. టోకెన్ అడిగేటప్పుడు అసలు మాట చెప్పాలి. ముందు వేలిముద్ర పంపి, తర్వాత వేలు చూపించినట్టు. దొంగ దగ్గర ఆ వేలుండదు. సర్వర్ ఉందిగా అని దీన్ని వదిలేయకు.

ఆ కోడ్ తిరిగొచ్చే అడ్రసు అక్షరం తేడా లేకుండా రిజిస్టర్ చేయి. క్లయింట్ సీక్రెట్ గిట్‌లో పెట్టావంటే నాతో మాట్లాడకు.

ఇక స్కోప్, అంటే ఏమేం చూడ్డానికి అనుమతి అడుగుతున్నావన్నది. మీ మేనేజరు "ఎందుకైనా మంచిది, అన్నీ అడిగేద్దాం" అంటాడు, చూడు. మార్కుల లిస్టు కావాలంటే మార్కుల లిస్టే అడుగు. నీ దగ్గర లేనిది నీ దగ్గర్నుంచి పోదు. రేపెవరైనా అనుమతి వెనక్కి తీసుకుంటే టోకెన్ రద్దుతో సరిపెట్టకు, అప్పటికే తెచ్చుకున్న కాపీ కూడా చెరిపేయి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

మొదటి టెస్టుకి మీ అమ్మ అకౌంటు వాడతానన్నావు. వాడుకో. కానీ అనుమతి పేజీలో ఏముందో ఆవిడే చదివి నొక్కాలి, ఫోను నువ్వు లాక్కోకు.

మీ మామయ్య