కట్టలేటి యొడ్డున కొత్త కంప్యూటరు

వినగడప కట్టలేటి చేరువ నున్న పల్లె. ఎన్.టి.ఆర్. జిల్లా గంపలగూడెము మండలములోనిది. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో జిల్లాల పునర్విభజన జరుగు వరకు ఇది కృష్ణా జిల్లాలో నుండెను. చుట్టును మామిడితోటలు, ప్రత్తిచేలు, మిరపచేలు కన్నుల పండువుగా నుండును. వానకాలమున కట్టలేరు పొంగెనా, దారి తెగి రాకపోకలు నిలిచిపోవును. ఈ సంగతిని మొదటనే చెప్పుటకు కారణము కలదు.

నేను ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడను. పదునొకండు సంవత్సరములుగా మా ప్రాంతపు ముసలమ్మలు పాడిన దంపుళ్ళపాటలు, నాట్లపాటలు, పెండ్లిపాటలు, లాలిపాటలు వ్రాసికొని కంప్యూటరున ఎక్కించుచుంటిని. పాడిన వారిలో పెక్కురు నేడు లేరు. ఒకనాటి రేయి ఉరుములు మెరుపులతో పెద్ద వాన కురిసెను. తెల్లవారి మీట నొక్కగా కంప్యూటరు పలుకలేదు. లోపలి ముఖ్యఫలకము కాలిపోయెను. ముఖ్యమైన వానికి నకళ్ళు తీసి వేరుచోట నుంచవలెనని నేను ఇతరులకు ఎన్నియో మారులు బోధించితిని. నేను మాత్రము తీయలేదు.

అయితే హార్డుడిస్కు చెడలేదు. యంత్రము పోయినను వ్రాత పోలేదన్న మాట. కొత్త యంత్రము విజయవాడనుండి వచ్చినది. దానిని అమర్చుటకు తిరువూరునుండి రావలసిన మనిషి వాగు పొంగుటచే రాలేకపోయెను. మా పొరుగింట డిప్లొమా చదువుచున్న కుర్రవాడొకడు సెలవులకు వచ్చియుండెను. “నేను చూచెదను, మాస్టారూ!” అని ముందుకు వచ్చెను.

తీగలు కలుపుట కష్టమైన పని కాదు. ఏ తీగ మొన ఏ రంధ్రమున కనువైనదో దాని ఆకారమే చెప్పును. ఒక్కటి మాత్రము గమనింపవలెను. మూడుకాళ్ళ ప్లగ్గులోని లావుకాలు భూమితీగది. గోడలోని సాకెట్టుకు భూమితీగ సరిగా నున్నదో లేదో చూడక ఇట్టి యంత్రమును తగిలింపరాదు. కరెంటు ఉన్నట్టుండి పోయినచో కొన్ని నిమిషములు ఆదుకొనుటకు బ్యాటరీపెట్టెను నడుమ నుంచితిమి. పాత డిస్కును ఒక చిన్నపెట్టెలో బిగించి, యు.ఎస్.బి. తీగతో వెలుపలినుండి తగిలించితిమి.

విద్యార్థులారా! మీట నొక్కినపుడు కంప్యూటరులో ఏమి జరుగునో ఎన్నడైన ఆలోచించితిరా? అది పని చేయునపుడు వాడుకొను స్మృతికి కరెంటు పోగానే అంతయు మరపునకు వచ్చును. మరల మీట నొక్కిన క్షణమున దానికేమియు తెలియదు. ఏమి చేయవలెనో చెప్పు ఆదేశములు డిస్కులో నున్నవి. కాని డిస్కును చదువవలెనన్న సంగతిని చెప్పువారెవరు? ఎంతటి గారడీవాడైనను తన భుజముపై తానెక్కజాలడు గదా! ఆంగ్లేయులు ఇట్టి చిక్కునే బూట్ల పట్టీలను పట్టుకొని తన్ను తానే పైకెత్తుకొనుటతో పోల్చిరి. కంప్యూటరు ప్రారంభమునకు ‘బూట్’ అను పేరు అందుండియే వచ్చినది.

ఈ చిక్కునకు ఉపాయము ముఖ్యఫలకముపై నున్న ఒక చిన్న చిప్పు. కరెంటు పోయినను మరువని ఆదేశములు కొన్ని అందులో ముందుగనే నిలిపియుందురు. అవి మొదట స్మృతిని, కీబోర్డును, డిస్కులను పలుకరించి చూచును. పిదప ఒక వరుస ననుసరించి, ‘నీయందు ప్రారంభ సూచనలు గలవా?’ అని ఒక్కొక్క డిస్కును ప్రశ్నించును. కలవన్న దానికి పెత్తన మప్పగించి తాను తప్పుకొనును. డిస్కు లోపలిదా, వెలుపలిదా అను భేదము దానికి లేదు. వరుసలో ఎవరిని ముందు నిలిపితిమో వారే ముందు.

వెలుపలినుండి ప్రారంభించుట కొత్త సంగతి కాదు. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి ప్రాణము పోసిరి. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. ఆ కాలపు చిన్న కంప్యూటర్లలో పెక్కింటికి ముందు భాగమున మీటలు వరుసగా నుండెడివి. మనుష్యుడే వానిని పైకి క్రిందికి వేసి మొదటి కొన్ని ఆదేశములు నేర్పి, తరువాత రంధ్రములు పొడిచిన కాగితపు చుట్టను చదివించెడివాడు. 1981లో వెలువడిన ఐ.బి.యం. వారి చిన్న కంప్యూటరునకు సైతము లోపల హార్డుడిస్కు లేదు. పలుచని ఫ్లాపీని చొప్పించి దానిని ప్రారంభించెడివారు. లోపలి డిస్కే వాడుకైన పిదప మన మీ సంగతిని మరచితిమి.

ఇక మా పనికి వత్తము. పాత డిస్కునే ప్రారంభపు డిస్కుగా నుంచి కొత్త యంత్రమును లేపవచ్చునని నేననుకొంటిని. మీట నొక్కితిమి. తెర వెలిగెను, ప్రారంభింపదగిన డిస్కు ఏదియు కానరాలేదని తెలిపి ఊరకుండెను. నా గుండె జారెను. కుర్రవాడు మాత్రము నవ్వెను. పాత యంత్రములలో డిస్కు మొట్టమొదటి అరలో, 512 బైట్ల చోటులో, ప్రారంభ సూచన లుండెడివట. ఇటీవలి యంత్రములలో పెక్కు ఆ అరను చూడవు. డిస్కులో ప్రత్యేకముగా కేటాయించిన భాగమున ఒక ఫైలుకొరకు వెదకును. “తాళముచెవి పాతది, మాస్టారూ, తాళము కొత్తది. లోపలి సామాను క్షేమముగనే యుండును,” అనెను.

అందుచే మరియొక వెలుపలి డిస్కును సిద్ధము చేయవలసివచ్చెను. 16 జి.బి. పెన్‌డ్రైవు చాలునట. కుర్రవాడు తన ల్యాప్‌టాపులో లినక్స్ వ్యవస్థ నొకదానిని దింపుకొనెను. లినక్స్‌ను 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దానిపై కట్టిన డెబియను 1993లో మొదలయినది. హైదరాబాదు నందలి ‘స్వేచ్ఛ’ సంస్థవారు ఇట్టి వ్యవస్థనే తెలుగు మాటలతో రూపొందించిరి. ఇవి అన్నియు ఎవరైనను ఉచితముగా వాడుకొని, నకలుతీసి, పంచిపెట్టదగినవి.

ఇచ్చట పెక్కురు పొరపడుదురు. దింపుకొనిన ఫైలును పెన్‌డ్రైవులోనికి మామూలుగా కాపీ చేసిన చాలునని తలతురు. చాలదు. ఇల్లు కట్టు నమూనాకాగితమును స్థలములో పెట్టినంతమాత్రమున ఇల్లు లేవదు గదా! ఆ ఫైలును విప్పి, డిస్కు మొదటినుండి తగు క్రమమున వ్రాయు ప్రత్యేకసాధన మొకటి కావలెను. అట్లు వ్రాయుటతో పెన్‌డ్రైవులో అంతకుముందున్న దంతయు తుడుచుకొనిపోవును.

పెన్‌డ్రైవును తగిలించి, మీట నొక్కిన వెంటనే కుర్రవాడు కీబోర్డుపై ఒక బొత్తామును పలుమారులు తట్టెను. ఏ బొత్తామో కంప్యూటరు చేసిన వారినిబట్టి మారును: కొన్నింట ఎఫ్-12, కొన్నింట ఎఫ్-2, మరికొన్నింట డిలీట్. తెరపై డిస్కుల వరుస వచ్చెను. పెన్‌డ్రైవు పేరును ఎన్నుకొనెను. రెండు నిమిషములలో నీలిరంగు తెర తెరచుకొనెను. లోపలి డిస్కును ముట్టకయే కంప్యూటరు నడచుచున్నది! కీబోర్డు, ధ్వని, మౌసు అన్నియు పరీక్షించితిమి. కొనక ముందు చీరను విప్పి చూచుట వంటిది.

నాకు తొందర యెక్కువ. “లోపలి డిస్కులోనికి కూడ ఎక్కించివేయుము, నాయనా,” అంటిని. ఎక్కించు సాధనము, ఏ డిస్కును తుడిచి వాడుకొనవలెనో తెలుపుమని ప్రశ్నించెను. జాబితాలో మూడు పేళ్ళు. 16 జి.బి.ది పెన్‌డ్రైవని తెలియుచునే యున్నది. తక్కిన రెండును 500 జి.బి. డిస్కులే! యాదృచ్ఛికముగా కొత్తదియు పాతదియు ఒకే పరిమాణమువి. “లోపలిదే మొదట నుండును, మొదటిదానిని నొక్కుము,” అంటిని. కుర్రవాని వ్రేలు బొత్తాముపై నుండెను. నొక్కలేదు. లేచి, పాతడిస్కు తీగను లాగివేసి, జాబితాను మరల రప్పించెను.

మొదటి పేరు మాయమైనది.

నాకు కొంతసేపు మాట రాలేదు. వెలుపలి డిస్కులకు పేళ్ళు పెట్టు వరుస నిలుకడయైనది కాదనియు, అది దొరకిన వరుసయే గాని లోపలిదో వెలుపలిదో తెలుపు గుర్తు కాదనియు కుర్రవాడు నెమ్మదిగా చెప్పెను. తుడుచు పని ముగియు వరకు పాతడిస్కును తిరిగి తగిలింపలేదు. దానిని బీరువాలో పెట్టి తాళము వేసివచ్చితిని. వాడు నవ్వెనుగాని వారింపలేదు.

అరగంటకు యంత్రము తనంతట తాను లేచెను. అప్పుడు పాతడిస్కును తెచ్చి తగిలించి, చదువుటకు మాత్రమే వీలగునట్లు తెరచితిమి. పాటలన్నియు నుండెను. కాని మొదటి మూడు సంవత్సరములవి తెరచి చూడగా తెలుగు లేదు. ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు! 1991లోనే యూనికోడు తెలుగునకు చోటిచ్చినను, నేను మొదట అచ్చుపనికి వాడు పాత ఫాంటుతో వ్రాసియుంటిని. ఆ ఫాంటు లేనిచో ఆ వ్రాత అక్షరములుగా కానరాదు. పాతడిస్కులో దానిని వెదకి కొత్తదానిలో చేర్చగనే గీతలన్నియు తెలుగై నిలిచెను.

కుర్రవాడు ఒక లాలిపాటను పైకి చదివెను. నాలుగవ చరణము వద్ద నేను వ్రాసికొనిన మాట యుండెను: ‘ఇచ్చట రెండు పాదములు మేనత్తకు జ్ఞప్తికి రాలేదు. మరల అడుగవలెను.’ అడుగుటకు ముందే ఆమె పోయినది.

ఆ సాయంకాలమే మరి రెండు పెన్‌డ్రైవులకు నకళ్ళు తీసితిమి. నడుమ ఒకమారు కరెంటు పోయి, బ్యాటరీపెట్టె కీచుమని అరచినది, నకలు ఆగలేదు. మూడవనాడు వాగు తీసెను. ఒక నకలును బీరువాలో నుంచి, రెండవదానిని తిరువూరునందున్న మా అమ్మాయికి బస్సులో పంపితిని.