ఒక వర్తకుడు నేర్చుకొనిన రెండు పాఠములు

పఠనీయ భాగములు: మత్తయి 7:12, ద్వితీయోపదేశకాండము 8:11–18



అబద్ధమాడనిదే వ్యాపారము సాగదని మనలో అనేకులు తలంచుచున్నారు. ఆదివారము విన్న వాక్యమును సోమవారము సంతకు తీసికొనిపోము. ఈ మాసము ఒక వర్తకుని జీవితమును ధ్యానింతము.

జేమ్స్ క్యాష్ పెన్నీ 1875లో అమెరికాలో ఒక బాప్తిస్టు బోధకుని యింట జన్మించెను. యౌవనములో డెన్వరు ప్రాంతమున మాంసపు కొట్టు పెట్టెను. ఒక హోటలు వంటవాడు బేరమునకు బదులుగా వారమునకొక విస్కీ సీసా కోరెను. పెన్నీ నిరాకరించినందున బేరము పోయెను, కొట్టు మూతపడెను. 1902లో కెమ్మెరరు అను బొగ్గు గనుల ఊరిలో భాగస్థుడై మరియొక అంగడి తెరచెను. దాని పేరు ‘సువర్ణ నియమము’. మత్తయి 7:12లో ప్రభువు నేర్పిన నియమమే అది. అందరికిని ఒకే ధర, అరువు లేదు. 1929 నాటికి దుకాణములు వెయ్యికి మించెను.

మొదటి పాఠమిది: ఇతరులు మనకేమి చేయవలెనని కోరుదుమో అది మన గల్లాపెట్టె యొద్దకూడ చేయదగినదే.

కాని 1929లో వాటాల ధరలు కూలిపోగా పెన్నీ సొంత ఆస్తి హరించిపోయెను. చింతచేత వ్యాధిగ్రస్తుడై మిచిగను రాష్ట్రములోని ఒక వైద్యశాలలో చేరెను. ఒక రాత్రి, ఉదయము చూడననుకొని కుటుంబమునకు కడపటి ఉత్తరములు వ్రాసెను. తెల్లవారగా ప్రార్థన గదినుండి కీర్తన వినబడెను. అక్కడ కూర్చుండి వినుచుండగా తన భారము తొలగెనని అతడే తరువాత సాక్ష్యమిచ్చెను. 1971లో, 95 ఏండ్ల ప్రాయమున నిద్రించెను.

రెండవ పాఠమిది: న్యాయముగా సంపాదించిన ధనమైనను మన ఆత్మను మోయలేదు. సంపాదించు సామర్థ్యమిచ్చువాడు దేవుడేయని మోషే ఇశ్రాయేలీయులకు జ్ఞాపకము చేసెను.

తూకములో మోసము చేయువారికి మొదటి పాఠము కావలెను. మోసము చేయనివారమైన మనకు రెండవది మరి యెక్కువగా కావలెను. ఏలయనగా పంట పోయినప్పుడు, అప్పు తీరనప్పుడు, “ప్రభువా, నేను ఎవరిని వంచించితిని?” అని మన నీతిని బాకీపత్రమువలె ఆయన యెదుట పరచుదుము. సేవలోనున్న మేమును ఇట్లు సణిగిన దినములు కలవు. నీతి మనము దేవునికిచ్చిన అప్పు కాదు. ఆయన కృపకు మనము చెల్లించు కృతజ్ఞత.

ఆలోచించుడి:
1. మన త్రాసు, మన వడ్డీ లెక్క ప్రభువు చూడదగినట్లున్నవా?
2. ఉన్నదంతయు పోయినయెడల మనకేమి మిగులును?

మన చేతిపనిని ప్రభువు ఆశీర్వదించును గాక. ఆమేన్.