రంగు చెప్పండి, మాట చదవొద్దు

నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, రెండు తెల్లకాగితాలు, ఫోన్లో స్టాప్‌వాచ్. ఇవి ఉంటే జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగాన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు.

ముందు పరికల్పన రాసుకోవాలి. ‘చదివే అలవాటు మనసును తికమక పెడుతుంది’ అని రాస్తే దాన్ని ఎలా కొలుస్తాం? ‘ఒక రంగు పేరును వేరే రంగు సిరాతో రాస్తే, ఆ సిరా రంగు చెప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది’ అని రాయండి. ఇది తప్పని తేలే వీలుంది, అందుకే పనికొస్తుంది.

ఇక కార్డులు. మొదటి కార్డు మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో నలభై గళ్ళు నింపండి. రెండో కార్డు మీద నలభై మాటలు: ‘ఎరుపు’ అని నీలంతో, ‘నలుపు’ అని ఆకుపచ్చతో, ఇలా. ఏ రంగు ఎన్నిసార్లు వస్తుందో రెండిట్లోనూ సమానంగా ఉండాలి. మనం కావాలని మార్చే కార్డు స్వతంత్ర చరం. కార్డు మీది రంగులన్నీ చెప్పడానికి పట్టే సెకన్లు పరతంత్ర చరం. వెలుతురు, కూర్చునే చోటు, చెప్పే సూచనలు అందరికీ ఒకటే. తప్పు చెబితే దిద్దుకుని ముందుకెళ్ళాలి. పాల్గొనేవాళ్ళకు ఇష్టముందో లేదో, రంగులు పోల్చుకోగలరో లేదో ముందే అడగండి.

ప్రయోగం సాధారణంగా చెడేది కార్డులిచ్చే వరస దగ్గరే. అందరికీ గళ్ళ కార్డే ముందిస్తే, మాటల కార్డు దగ్గర ఆలస్యమైంది అలసట వల్లేనని ఎవరైనా అనొచ్చు. ఆ మాటకు మన దగ్గర జవాబుండదు. అందుకే చీటీలు: సగం మీద ‘గళ్ళు ముందు’, సగం మీద ‘మాటలు ముందు’. ఎవరికి ఏది వస్తే అది. దీన్నే యాదృచ్ఛిక కేటాయింపు అంటారు. బామ్మకు తేలికైనది ముందిద్దామన్న దయ ఇక్కడ పనికిరాదు.

ఒక్కొక్కరి రెండు సమయాల మధ్య తేడా తీసి, ఆ తేడాలకు సగటు కట్టండి. ప్రతి మనిషినీ తనతోనే పోలుస్తున్నాం కాబట్టి గడగడా మాట్లాడేవారూ నిదానస్తులూ కలిసి ఉన్నా ఫరవాలేదు. స్ట్రూప్ వంద మంది కాలేజీ విద్యార్థులతో చేయిస్తే, వంద గళ్ళకు సగటున 63 సెకన్లు, వంద మాటలకు 110 సెకన్లు పట్టాయి. మీ ప్రతిచయనం మీ చుట్టాలే అయితే తెలుగువాళ్ళందరి గురించీ తీర్పులివ్వకండి.

తెలుగు చదవలేనివాళ్ళు తడబడరని చూపిస్తే చదవడమే కారణమని తేలదా? అంత సులువు కాదు. ఎవరికి చదువు రావాలో చీటీ తీసి నిర్ణయించలేం. చదవని పిల్లాడికీ చదివే తాతకూ వయసులోనూ తేడా ఉంది. అక్కడ దొరికేది సహసంబంధమే. దానికంటే, తమిళం రానివాళ్ళకు తమిళ లిపిలో రాసిన రంగుల పేర్లను మూడో కార్డుగా ఇవ్వండి. అప్పుడు మనుషులు మారరు, కార్డే మారుతుంది. కాకపోతే వరసలు ఆరవుతాయి, చీటీలూ ఆరు రకాలు చుట్టుకోవాలి.