పాఠం 14: కదలని కొంగ, కునికే గుడ్లగూబ

చదువుదాం

పిల్లలూ! చలికాలంలో బయటికి వెళ్లాలంటే బద్ధకంగా ఉంటుంది కదా? కానీ పక్షులను ఫొటో తీసేవాళ్లకు ఇది మంచి కాలం. చాలా చెట్లకు ఆకులు రాలిపోతాయి కాబట్టి కొమ్మల మీద పక్షులు బాగా కనిపిస్తాయి.

కెనడాలో వాంకూవర్ నగరానికి దగ్గర్లో, ఫ్రేజర్ నది సముద్రంలో కలిసేచోట, రైఫెల్ పక్షుల సంరక్షణ కేంద్రం ఉంది. అక్కడ నీటి ఒడ్డున గ్రేట్ బ్లూ హెరాన్ అనే పెద్ద కొంగ కనిపిస్తుంది. మన కొల్లేరు సరస్సులో కనిపించే నారాయణ పక్షికి ఇది దగ్గరి చుట్టం. ఎత్తు సుమారు ఒక మీటరు. బరువు మాత్రం 2 నుంచి 3 కిలోలే!

ఈ కొంగ నీళ్లలో చాలాసేపు బొమ్మలా నిలబడుతుంది. చేప దగ్గరికి రాగానే మెడ చాచి ఠక్కున పట్టేస్తుంది. అందుకే పైకి భక్తి, లోపల వేరే ఆలోచన ఉన్నవాళ్లను చూసి మన పెద్దవాళ్లు "అది కొంగజపం" అంటారు. ఫొటో తీసేవాళ్లు మాత్రం ఆ కొంగ దగ్గర ఓపిక నేర్చుకోవాలి. అది చేపను పట్టే క్షణం స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 1000వ వంతైనా ఉండాలి.

అక్కడే దారి పక్క చెట్ల గుబురులో సా-వెట్ ఔల్ అనే బుల్లి గుడ్లగూబ పగలంతా నిద్రపోతుంది. ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లే. రాత్రి ఎలుకలను వేటాడి, మిగిలినదాన్ని దాచుకుంటుంది. చలికి ఆ ఎలుక గడ్డకడితే, గుడ్డును పొదిగినట్టు దానిమీద కూర్చుని, మెత్తబడ్డాక తింటుంది!

మనిషి దగ్గరికి వచ్చినా ఇది వెంటనే ఎగిరిపోదు. దానికి భయం లేదని మనం అనుకుంటాం. నిజానికి కదలకుండా దాక్కోవడమే దాని రక్షణ. ఉలిక్కిపడి ఎగిరితే చిన్న పక్షులు చుట్టుముట్టి గోల చేస్తాయి. పెద్ద గుడ్లగూబల కంట పడవచ్చు. ఒంట్లో వేడి నిలుపుకోవడానికి కావలసిన శక్తి కూడా వృథా అవుతుంది.

మాట్లాడుకుందాం

మనవరాలు: తాతయ్యా, అదిగో గుడ్లగూబ! చప్పట్లు కొడితే కళ్లు తెరుస్తుందా?
తాతయ్య: వద్దమ్మా! రాత్రంతా మేలుకుని ఇప్పుడు పడుకుంది. నిన్ను అర్ధరాత్రి లేపితే ఊరుకుంటావా?
మనవరాలు: ఊరుకోను! కానీ కళ్లు మూసుకున్న ఫొటో ఏం బాగుంటుంది?
తాతయ్య: పగలు అది ఎలా ఉంటుందో అలాగే వస్తుంది కదా. అదే మంచి ఫొటో.
మనవరాలు: చీకటిగా ఉంది. ఫ్లాష్ వెయ్యనా?
తాతయ్య: వెయ్యొద్దు. దారి దిగొద్దు. ఇక్కణ్ణుంచే జూమ్ చెయ్యి.
మనవరాలు: ఈ చెట్టు ఎక్కడుందో ఫ్రెండ్స్ అందరికీ చెప్పనా?
తాతయ్య: ఫొటో చూపించు తల్లీ, చోటు చెప్పకు. వందమంది వస్తే దానికి నిద్రేదీ?

గుర్తుంచుకుందాం

1. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఇంకో బ్యాటరీని కోటు లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోండి.
2. చుట్టూ మంచు ఉంటే ఫొటోలో అది బూడిదరంగులో వస్తుంది. కెమెరాలో వెలుతురు కొంచెం పెంచండి.
3. చల్లటి కెమెరాను వెచ్చటి ఇంట్లోకి తెస్తే లెన్స్ మీద తేమ పడుతుంది. బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, లోపలికి తీసుకురండి. వెచ్చబడ్డాకే సంచి విప్పండి.

కొత్త మాటలు

కునుకు: కొద్దిపాటి నిద్ర
గుబురు: కొమ్మలు, ఆకులు దట్టంగా ఉన్న చోటు
పొదగడం: పక్షి గుడ్లమీద కూర్చుని వేడినివ్వడం
ఉలిక్కిపడడం: ఒక్కసారిగా అదిరిపడడం
తేమ: తడి

రాత – మాట

రాసేటప్పుడు "వేయవద్దు" అని రాస్తాం. మాట్లాడేటప్పుడు "వెయ్యొద్దు" అంటాం. "దిగవద్దు", "లేపవద్దు", "చెప్పవద్దు" అనే మాటలను ఇంట్లో ఎలా అంటారో పైకి చెప్పండి.

ఆలోచించి చెప్పండి

1. గుడ్లగూబ ఎగిరిపోకుండా కూర్చుంటే, దానికి భయం లేదని అనుకోవచ్చా? ఎందుకు?
2. చోటు చెప్పవద్దని తాతయ్య ఎందుకు అన్నారు?
3. "కొంగజపం" అంటే ఏమిటో అమ్మమ్మనో, నానమ్మనో అడగండి. వాళ్లు చెప్పింది మూడు వాక్యాల్లో రాయండి.
4. మీ ఊళ్లో ఒక పక్షిని పది నిమిషాలు కదలకుండా గమనించండి. అది ఏం చేసిందో తెలుగులో చెప్పండి.