వేసవి పాటల తరగతులు: పెద్దలు కూడ రండి

వేసవి సెలవులలో అనేక విచారణలలో పిల్లలకు పాటలు, హార్మోనియం, కోలాటం నేర్పుతారు. చివరి రోజున తల్లిదండ్రులు విని, చప్పట్లు కొట్టి వెళ్తారు. మరుసటి ఆదివారం పూజలో మైకు దగ్గర నలుగురే పాడతారు, గుడి అంతా మౌనం!

ద్వితీయ వాటికన్ మహాసభ 1963లో గాయక బృందాలను ప్రోత్సహించమంటూనే, విశ్వాసులందరు తమ వంతు పాడేటట్లు చూడమని గురువులను ఆదేశించింది. 1967లో వెలువడిన ‘ముసికాం సాక్రం’ అనే ఉపదేశ పత్రం పూజలోని పాటలను మూడు మెట్లుగా అమర్చింది. గురువు పలుకులకు ప్రజల జవాబులు, పరిశుద్ధ గీతం, పరలోక జపం మొదటి మెట్టు. కనికర ప్రార్థన, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం రెండవది. ప్రవేశ గీతం, సత్ప్రసాద గీతం మూడవది. మొదటిది విడిచి మిగిలినవి పాడరాదని నియమం.

మనము చేసేది తలక్రిందులు. కొత్త ప్రవేశ గీతానికి నెల రోజుల సాధన. పరలోక జపానికి మాత్రం రాగమే రాదు. ఇందులో గురువులమైన మా తప్పు కూడ ఉంది. గురువు పాడకుంటే ప్రజలు దేనికి జవాబు పాడగలరు?

కావున ప్రియ విశ్వాసులారా, ఈ వేసవిలో పని ముగించుకొని సాయంత్రం అరగంట గుడికి రండి. మొదటి మెట్టుతోనే ప్రారంభించుదము. పిల్లలే మీకు గురువులు. రాత్రి కుటుంబ ప్రార్థనలో వారితోపాటు పరలోక జపం పాడండి. ఇంట పాడిన నోరు గుడిలో మూగబోదు.