దీవులకు పోయిన ముత్తాత

పాఠ్యభాగములు: యెహెజ్కేలు 18వ అధ్యాయము, మత్తయి 1:1–17



కొన్ని కుటుంబములలో ఒక పేరు పలుకరు. పెద్దలు ముత్తాతల వరుస చెప్పుచు ఒకచోట ఆగి, "ఆయన దీవులకు పోయెను" అని మాట మార్చుదురు. ఆ మాట వెనుక ఒక మనుష్యుని జీవితమున్నది. దానిని వెదకుట ఎట్లో, దొరికినదానిని ఏమి చేయవలెనో ఈ నెల ఆలోచింతము.

1. దీవులనగా ఏవి?

ద్వీపాంతర శిక్ష పడిన మద్రాసు రాజధాని ఖైదీలను మొదట పినాంగు, మలక్కా, సింగపూరు రేవులకు పంపెడివారు. సింగపూరులో నేటికిని నిలిచియున్న సెయింట్ ఆండ్రూస్ దేవాలయము 1856లో మొదలై ఇండియా ఖైదీల చేతులమీదనే లేచినది. సున్నము, గుడ్డుసొన, చక్కెర కలిపిన మద్రాసు గారను దాని గోడలకు పూసిరి.

1858లో అండమాను దీవులలోని పోర్టు బ్లెయిరున ఖైదీల వలస ఏర్పడెను. అచ్చట ఖైదీ మెడలో కొయ్యబిళ్ల వ్రేలాడెడిది. దానిమీద అతని నెంబరు, నేరపు సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ వ్రాసెడివారు. సత్ప్రవర్తన గలవాడు కొన్నేండ్లకు సొంత సేద్యమునకు సెలవు పొంది, ఖైదీ స్త్రీని పెండ్లాడి కాపురము పెట్టవచ్చును. కావున తిరిగి రానివారందరు చెరసాలలోనే చనిపోయిరని తలంచకుడి. అచ్చటి ఖైదీల సంతతివారు హిందూస్థానీ మాటలాడుదురు. మన భాష ఎరుగని బంధువులు మీకుండవచ్చును.

2. వెదకుట ఎట్లు?

ముందు ఇంటి పెద్దలను అడుగుడి. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంచుమించు ఏ సంవత్సరమో వ్రాసికొనుడి. పిమ్మట ఆ కాలమున జిల్లా ఏదో చూడుడి. వినుకొండ 1859 మొదలు 1904 వరకు కృష్ణా జిల్లాలో, తరువాత 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండెను. నేడు పల్నాడు జిల్లాలోనిది. 1880 నాటి తీర్పును గుంటూరు పేరున వెదకినయెడల దొరకదు. మద్రాసు ప్రభుత్వపు పాత కాగితములు చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో గలవు. 1942 నుండి 1945 వరకు జపానువారు పోర్టు బ్లెయిరును పట్టుకొనియుండగా అచ్చటి రికార్డులు అనేకము నశించెను గనుక, మద్రాసు కాగితములే మనకు ముఖ్యము.

3. దొరికినదానిని ఏమి చేయుదుము?

1922–24 రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర అండమానుకు పంపబడి, 1952లో విశాఖపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. అట్టి కీర్తి అందరికి దక్కదు. మీకు దొరికిన కాగితములో దోపిడి యనియో, హత్య యనియో ఉండవచ్చును. అప్పుడు దానిని దాచకుడి, వీరగాథగా మార్చకుడి. నష్టపడినవారి మనుమలును మన ఊరిలోనే ఉందురేమో. వారి దుఃఖమును గౌరవించుడి.

అయితే పెండ్లి మాటలలో ఆ పాత సంగతి ఎత్తి పిల్లను కాదనుట న్యాయము కాదు. తండ్రి దోషము కుమారుడు మోయడని యెహెజ్కేలు ప్రవక్త బోధించెను. మత్తయి వ్రాసిన వంశావళిలో రాహాబు పేరు దాచబడలేదు. ఊరియా భార్య సంగతియు దాచబడలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు:

(1) మన యింట పలుకని పేరు ఏది? దానిని ఎరిగిన పెద్దలు ఇంకెవరున్నారు?
(2) ఎవరి పూర్వికుని నేరమునైనను మనమింకను వారి పిల్లలమీద మోపుచున్నామా?