కర్మసాక్షి తేజస్సు ఎక్కడిది?

సూర్యనారాయణుని ప్రత్యక్షదైవముగా భావించి నిత్యము అర్ఘ్యమిచ్చువారికి ఒక ప్రశ్న సహజముగా కలుగును. ఆ తేజస్సు ఏ ఇంధనమువలన వెలువడుచున్నది? బొగ్గువలె మండుటయే అయినచో ఆ బింబమంతయు కొన్నివేల యేండ్లకే కాలి ముగియవలసినది. కాని సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములు. కావున అది మన పొయ్యిలోని మంట వంటిది కాదు.

ఈ రహస్యమును ఛేదించుటకు తోడ్పడిన ఆధారములలో ఒకటి తెలుగుగడ్డపైననే లభించినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినపుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునుండియు, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్టణమునుండియు బింబపు అంచున ఎగయు జ్వాలల కాంతిని వర్ణపటముగా విడదీసి పరిశీలించిరి. అట్టి జ్వాలలలో కానవచ్చిన ఒక పసుపుపచ్చని రేఖ అప్పటికి భూమిపై ఎరిగిన ఏ మూలకమునకును చెందదని ఇంగ్లండులో లాకియర్ గుర్తించెను. గ్రీకు భాషలో సూర్యునకు గల పేరునుబట్టి ఆ మూలకమునకు హీలియం అను పేరు కలిగినది. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక ఖనిజమునుండి రాబట్టెను.

ఆ హీలియమే సూర్యుని హోమగుండమున మిగులు భస్మము వంటిది. సూర్యగర్భమున వేడిమి సుమారు కోటిన్నర డిగ్రీలు. అచట నాలుగు హైడ్రోజన్ కేంద్రకములు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకమగును. ఈ కలయికలో నూటికి 0.7 వంతు ద్రవ్యము తగ్గి శక్తిగా మారును. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇట్లు మారుచుండగా, 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యము తేజోరూపము దాల్చుచున్నది. అది వేలాది సంవత్సరములు లోపలి పొరలలో తారాడి, 5,500 డిగ్రీల ఉపరితలమును చేరి, అచటినుండి 15 కోట్ల కిలోమీటర్లు దాటి 8 నిమిషముల 20 సెకన్లలో మనలను చేరును.

అట్లు చేరిన కిరణములతోనే కడియము, కడియపులంక నర్సరీలలోని ప్రతి ఆకును నీటిని, బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చుకొనుచున్నది. స్వామికి సమర్పించు పూలమాల ఆ తేజస్సు యొక్క రూపాంతరమే. అయినను అచటి రైతులు లేతమొక్కలపై నీడవల కప్పి ఎండను కొలతగా అందింతురు. పోషించు వెలుగే మితిమీరిన మాడ్చును.

మన కంటికిని ఇదే న్యాయము. బింబమును తేరిపార చూచినచో కంటిలోని నేత్రపటలము కాలును. దానికి నొప్పి తెలియదు. గాయము తరచు మానదు. గ్రహణ సమయమున, బింబము కొంతయే కనబడినను, ఈ ప్రమాదము తప్పదు. కావున అర్ఘ్యమిచ్చునపుడు చూపును దోసిలిలోని జలముపై నిలుపుట, పిల్లలకును అట్లే నేర్పుట గృహస్థులకు శ్రేయస్కరము.